స్పేర్స్ కౌంటర్‌లో ‘స్టాక్ లేదు సార్’ అంటే ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు వ్యాపారం చేస్తాను. చిన్నప్పటి నుంచి టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారంటే పిచ్చి. బెంగళూరులో 2009 మోడల్ మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే 200 కంప్రెసర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బండి బంగారం, స్పేర్సే ప్రాణం తీస్తున్నాయి. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. కామ్ మ్యాగ్నెట్ (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే చిన్న విద్యుత్ పరికరం) దగ్గర ఆయిల్ కారి వైరింగ్‌లోకి పోతోందని మా మెకానిక్ అన్నాడు. టాప్ సగం తెరుచుకుని ఆగిపోతోంది. వానొస్తే డోర్ అద్దం పైనుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. చెన్నైలో ఒక డీలర్ స్పేర్స్ కౌంటర్‌కి ఫోన్ చేస్తే ఒకరోజు స్టాక్ లేదంటారు, ఇంకోరోజు తెప్పిస్తామంటారు. రేటు ప్రతిసారీ మారుతుంది. మొత్తం డబ్బు ముందే కట్టాలి, వాపసు ఉండదు అంటారు. అలా కట్టి తెప్పించిన అద్దం రబ్బరు నా బండికి సరిపోలేదు. వెనక్కి తీసుకోం అన్నారు. వాళ్లు మోసం చేస్తున్నారా, నాకే అడగడం చేతకావట్లేదా? ఇంట్లో బండి అమ్మేయమంటున్నారు.

సమాధానం: మీ చివరి మాటకు ముందు జవాబిస్తాను. ఇప్పుడే అమ్మకండి. ఇంజిన్ లైట్ వెలుగుతూ, టాప్ సగంలో ఆగిపోయే బండికి ఎవరూ సరైన ధర పెట్టరు. పైగా మీరు రాసిన మూడు సమస్యల్లో రెండిటికి అసలు పార్ట్ కొనాల్సిన అవసరమే లేకపోవచ్చు. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

వాళ్లు మోసం చేస్తున్నారని నాకు అనిపించడం లేదు. నేను చాలా కాలం ఒక కార్ల డీలర్‌షిప్‌లో స్పేర్స్ కౌంటర్ లోపలి వైపు పనిచేశాను. ఆ వైపు నుంచి చూస్తే మీ ఉత్తరంలోని చిక్కులన్నిటికీ దాదాపు ఒకటే కారణం కనిపిస్తోంది. మీరు వస్తువు పేరు చెబుతున్నారు. వాళ్లకు కావాల్సింది నంబర్.

డీలర్ దగ్గరి స్పేర్స్ విభాగానికి మొదటి కస్టమర్ వాళ్ల సొంత వర్క్‌షాపే. పొద్దున షోరూం తెరిచింది మొదలు మధ్యాహ్నం దాకా సర్వీస్ అడ్వైజర్లు, మెకానిక్‌లు లోపలి కిటికీ దగ్గర నిలబడి ఉంటారు. బయటి నుంచి వచ్చే మీలాంటి వాళ్ల కొనుగోలు వాళ్ల లెక్కల్లో చాలా చిన్న భాగం. సరిగ్గా ఆ వేళలో మీరు ఫోన్ చేసి ‘ఎస్‌ఎల్‌కేకి అద్దం పైన వచ్చే రబ్బరు ఉందా’ అని అడిగారనుకోండి. కౌంటర్‌లో కుర్రాడు స్క్రీన్ మీద బండి బొమ్మ తెరుస్తాడు. డోర్ దగ్గర, టాప్ అంచున, వెనక అద్దం చుట్టూ, డిక్కీ మీద అన్నీ రబ్బర్లే కనిపిస్తాయి. మీరు అడిగింది ఏదో అతనికి తెలీదు. వెనక ఇంకో ముగ్గురు ఎదురుచూస్తున్నారు. ‘స్టాక్ లేదు సార్’ అనేస్తే పని అయిపోతుంది. అలా అనడం సరైన పద్ధతి కాదు, దాన్ని నేను సమర్థించను. కానీ తిరుమలలో లగేజీ కౌంటర్ దగ్గరికి టోకెన్ లేకుండా వెళ్లి, సంచి రంగు చెప్పి ఇమ్మంటే ఎంత తిప్పలో ఇదీ అంతే.

మీ బండి విషయంలో పేరు మరీ మోసం చేస్తుంది. ఎస్‌ఎల్‌కే 200 అనే పేరు మూడు తరాల కార్లకు ఉంది. 1996లో వచ్చిన ఆర్170, 2004లో వచ్చిన ఆర్171, 2011లో వచ్చిన ఆర్172. మీది మధ్యది. అందులోనూ 2008లో మార్పులు చేశారు. అదే 1.8 లీటర్ సూపర్‌చార్జర్ ఇంజిన్ అయినా 163 హార్స్‌పవర్ ఉన్నది 184కి పెరిగింది. కాబట్టి ‘ఎస్‌ఎల్‌కే 200 కంప్రెసర్’ అని మాత్రమే చెబితే కౌంటర్‌లో కూర్చున్న మనిషికి సగం సమాచారం కూడా అందనట్టే.

అందుకే మొదట చేయాల్సిన పని, మీ ఆర్‌సీలో ఉన్న ఛాసీ నంబర్ రాసి ఫోన్‌లో పెట్టుకోవడం. మొత్తం 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఓ, క్యూ ఎప్పుడూ రావు. ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఇక్కడే ఎక్కువ మంది తప్పు కొడతారు, అవతలి స్క్రీన్ మీద బండి దొరకదు. మీ బండి నంబర్ డబ్ల్యూడీబీ171 అని మొదలవ్వాలి. విండ్‌స్క్రీన్ కింది మూల నుంచి కూడా చదివి ఆర్‌సీతో సరిచూసుకోండి. సెకండ్ హ్యాండ్ బండికి ఇది తప్పనిసరి.

తర్వాత డీలర్‌ను ఒకే ఒక్కసారి ఒక సాయం అడగండి: ఈ ఛాసీ నంబర్‌కి డేటా కార్డ్ ప్రింట్ తీసి ఇమ్మని. ఫ్యాక్టరీ నుంచి బండి ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ పెయింట్, ఏ సీటు రంగు, ఏయే ఎక్స్‌ట్రా సామగ్రితో బయటికి వచ్చిందో అందులో కోడ్‌ల రూపంలో ఉంటుంది. ఆ కాగితం ఉంటే సగం తలనొప్పి తీరిపోతుంది. లోపలి ప్లాస్టిక్, లెదర్ సామాన్లకు పార్ట్ నంబర్ చివర రంగు కోడ్ కూడా ఉంటుంది. అది చెప్పకపోతే నల్ల డాష్‌బోర్డ్‌కి బూడిద రంగు మూత వస్తుంది.

ఇక పార్ట్ నంబర్ చదవడం నేర్చుకోండి, కష్టమేం కాదు. మీ ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్ నంబర్ చూడండి: ఎ 271 180 01 09. మొదట ఎ. తర్వాత 271, అది మీ ఇంజిన్ సిరీస్. ఆ తర్వాతి 180లో 18 అంటే లూబ్రికేషన్ గ్రూపు. బాడీకి సంబంధించిన సామాను అయితే 271 ఉన్న చోట 171 వస్తుంది, ఎందుకంటే మీ బాడీ ఆర్171. ఒక్కోసారి అక్కడ 203 అని కనిపిస్తుంది. అది పాత సి క్లాస్ సంఖ్య. అంటే ఆ పార్ట్‌ను మెర్సిడెస్ సి క్లాస్ కోసం చేసి మీ బండికీ వాడింది. మీకది శుభవార్త. మన దేశంలో ఎస్‌ఎల్‌కేలు అరుదు గానీ సి క్లాస్‌లు అలా కాదు, వాటి సామాను దొరకడం తేలిక. ఇంజిన్ సంగతీ అంతే. మీ ఎం271 ఇంజిన్ సి క్లాస్‌లో ఉంది, ఇ-క్లాస్ (E-Class) కార్లలోనూ ఉంది. కాబట్టి ఇంజిన్ సామాను కోసం బయట షాపుల్లో అడిగేటప్పుడు ఎస్‌ఎల్‌కే పేరు ఎత్తకండి. ‘ఎం271’ అనండి, నంబర్ చూపించండి. స్పోర్ట్స్ కారు అనగానే పెరిగే రేటు కూడా పెరగదు.

నంబర్ ఎక్కడ దొరుకుతుంది అంటారా? పాత పార్ట్ మీదే చాలాసార్లు పోతపోసి గానీ స్టిక్కర్ మీద గానీ ఉంటుంది. విప్పినప్పుడు ఫొటో తీయమని మీ మెకానిక్‌కి చెప్పండి. ఛాసీ నంబర్ కొడితే బొమ్మలతో సహా పార్ట్‌లు చూపించే ఆన్‌లైన్ కేటలాగులు కూడా ఉన్నాయి. కాకపోతే పాత పార్ట్ మీద ఉన్న నంబర్ ఇప్పుడు చెల్లకపోవచ్చు. కంపెనీ పార్ట్‌ను మెరుగుపరిచినప్పుడు నంబర్ మారుస్తుంది, పాతది కొడితే సిస్టమ్ కొత్తదానికి తీసుకెళ్తుంది. అలా మారినప్పుడు ‘దీంతో పాటు ఇంకేమైనా మార్చాలా’ అని అడగండి. కొన్నిసార్లు కొత్త పార్ట్‌కు కొత్త బోల్టో, కొత్త వైరో కూడా కావాలి. అది తెలియక బండి విప్పి వారాల తరబడి షెడ్‌లో పెట్టుకునే వాళ్లను చూశాను.

నంబర్ చేతిలోకి వచ్చాక ‘స్టాక్ లేదు’ అన్న మాట మిమ్మల్ని భయపెట్టదు. ఎక్కడ లేదో అడగొచ్చు. వాళ్ల షెల్ఫ్ మీద లేకపోవడం మామూలే. ఏ డీలరూ పదిహేనేళ్లు దాటిన రెండు సీట్ల బండికి సామాను నిల్వ పెట్టడు, పెడితే ఆ డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. మన దేశంలోని కంపెనీ గోదాంలో ఉంటే కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. అక్కడా లేకపోతే జర్మనీ నుంచి రావాలి. మెర్సిడెస్ ప్రపంచ పార్ట్‌ల కేంద్రం గెర్మర్స్‌హైమ్‌లో ఉంది. అక్కడి నుంచి అంటే వారాలు పడుతుంది, కస్టమ్స్‌లో ఇంకా ఆలస్యం కావొచ్చు. నాలుగో మాట ఒకటుంది, అసలు తయారే ఆగిపోయింది అని. అప్పుడు మాత్రమే మీరు వేరే దారి వెతకాలి. కౌంటర్‌లో ‘లేదు’ అన్నవాణ్ని మర్యాదగా ‘ఆర్డర్ పెట్టడానికి సిస్టమ్ ఒప్పుకుంటోందా అండీ’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఇది ఏ రకం ‘లేదు’ అన్నది తేలిపోతుంది.

రేటు మారడం గురించి. ఒకరు పన్నుతో కలిపి చెబుతారు, ఇంకొకరు పన్ను లేకుండా చెబుతారు. నంబర్ మారితే రేటు మారుతుంది. కంపెనీ అప్పుడప్పుడు ధరలు సవరిస్తుంది. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో స్పేర్లన్నిటికీ జీఎస్‌టీ 18 శాతమే. అంతకుముందు చాలా వాటిపై 28 ఉండేది. పాత ఎస్టిమేషన్ కాగితం మీ దగ్గర ఉంటే ఇప్పటి రేటుతో పోల్చి చూసుకోండి. ఎప్పుడైనా ‘జీఎస్‌టీతో కలిపి ఎంత, ఇది ఎంఆర్‌పీనేనా’ అని అడిగి, మాటతో సరిపెట్టుకోకుండా కొటేషన్ తీసుకోండి. దిగుమతి చేసిన ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు ఉండాలి. ఎంఆర్‌పీకి మించి తీసుకునే హక్కు ఎవరికీ లేదు.

మొత్తం డబ్బు ముందే కట్టమనడం అన్యాయం కాదు. జర్మనీ నుంచి ఒక్క మీ బండి కోసం వచ్చిన రబ్బరును మీరు వదిలేస్తే దాన్ని కొనేవాడు వాళ్లకు ఇంకొకడు దొరకడు. వాపసు లేదనడం కూడా ఆ కారణంతోనే. కానీ దీనికి ఒక హద్దు ఉంది. పార్ట్‌ను గుర్తించింది ఎవరు? నంబర్ మీరే ఇచ్చి ఉంటే తప్పు మీది. ఛాసీ నంబర్ మీరు ఇచ్చి, పార్ట్‌ను వాళ్లు ఎంచి ఉంటే, సరిపోకపోవడం వాళ్ల తప్పు. అలాంటప్పుడు ‘వాపసు లేదు’ అన్న ముద్ర వాళ్లను కాపాడదు. అందుకే ఇకపై కొటేషన్ మీద మీ ఛాసీ నంబర్, పార్ట్ నంబర్, రేటు, రావాల్సిన తేదీ నాలుగూ ఉండేలా చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఇది ఈ ఉత్తరం మొత్తంలో మీకు అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిల్చే అలవాటు.

మీ అద్దం రబ్బరు విషయంలో బిల్లు తీసి చూడండి. దాని మీద ఛాసీ నంబర్ ఉందా? ప్యాకెట్ లేబుల్ మీది నంబర్, బిల్లు మీది నంబర్ ఒకటేనా? నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఎడమ, కుడి తారుమారు అయి ఉండొచ్చు. ఎడమ కుడి అన్నది డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే లెక్క. బండి ఎదురుగా నిలబడి చెబితే తిరగబడుతుంది. ఫోన్ సంభాషణల్లో ఇది తరచూ జరుగుతుంది.

ఇప్పుడు అసలు జబ్బుల సంగతి.

నీళ్లు కారడంతో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు ఆ రబ్బరే అవసరం లేదేమో. మీ కారు డోర్ అద్దాలకు చుట్టూ ఫ్రేమ్ ఉండదు. డోర్ తెరిచినప్పుడు అద్దం కొంచెం కిందికి దిగి, వేసినప్పుడు పైకి ఎక్కి రబ్బరులోకి కూర్చుంటుంది. బ్యాటరీ తీసి పెడితే అద్దం ఎంత ఎత్తుకు వెళ్లాలో మర్చిపోతుంది, రబ్బరుకీ అద్దానికీ మధ్య సందు మిగులుతుంది. అద్దం పూర్తిగా పైకి వెళ్లాక కూడా స్విచ్‌ను కాసేపు పైకి లాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటుంది. రెండు వైపులా చేయండి. తర్వాత రబ్బర్లన్నీ తడిగుడ్డతో తుడిచి, రబ్బరు కోసమే చేసిన లూబ్రికెంట్ పట్టించండి. మన తిరుపతి ఎండలో రబ్బరు ఎండి గట్టిపడుతుంది, నవంబర్ వానలకి అసలు రంగు బయటపడుతుంది. గ్రీజు, డీజిల్ పూయనివ్వకండి. నీళ్లు పోయే సన్న గొట్టాల్లో ఆకులు, మట్టి ఇరుక్కున్నాయేమో కూడా చూడండి. ఇవన్నీ చేశాక కూడా కారితే అప్పుడు రబ్బరు కొనండి, అది మాత్రం డీలర్ దగ్గరే కొనండి. బయట దొరికే రబ్బరు ఈ టాప్‌కి కుదరదు.

టాప్ సగంలో ఆగడానికి చాలామంది వెంటనే పంపు, సిలిండర్ అంటూ లక్షల లెక్క వేస్తారు. ముందు డిక్కీలో ఉండే కర్టెన్ లాంటి తెర చూడండి. టాప్ మడిచి డిక్కీలోకి దిగాలంటే ఆ తెర లాగి రెండు వైపులా లాక్ అయి ఉండాలి. అది లాక్ అయిందని చెప్పే చిన్న స్విచ్ సరిగా తాకకపోతే టాప్ కదలదు, లేదా మొదలై ఆగిపోతుంది. తర్వాత బ్యాటరీ. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ప్రయత్నించండి. తర్వాత డిక్కీలో ఉన్న హైడ్రాలిక్ పంపు ట్యాంకులో నూనె మట్టం. నూనె తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. అది సాధారణంగా సిలిండర్ సీల్ దగ్గర. డీలర్ సిలిండర్ మొత్తం అమ్ముతాడు, సీల్ విడిగా అమ్మడు. సిలిండర్ విప్పి సీళ్లు మార్చే హైడ్రాలిక్ పనివాళ్లు ఉన్నారు. ఈ పని బయట చేయించవచ్చని నేను ధైర్యంగా చెబుతాను, ఒక షరతుతో. కడ్డీ మీద గీతలు ఉండకూడదు, ఆ నూనెకి తట్టుకునే సీల్ వేయాలి. జేసీబీ సిలిండర్‌కి వేసే సీలే దీనికీ వేస్తానన్న వాడికి బండి ఇవ్వకండి.

కామ్ మ్యాగ్నెట్ మాత్రం నిజమైన జబ్బు, ఆలస్యం చేయకండి. ఎం271 ఇంజిన్‌కి ఇది బాగా తెలిసిన లోపం. మ్యాగ్నెట్ లోపలి నుంచి ఆయిల్ వైరులోకి ఎక్కి, వైరు వెంట పాకుతూ ఆక్సిజన్ సెన్సర్ ప్లగ్ దాకా, చివరికి ఇంజిన్ కంప్యూటర్ దాకా పోతుంది. మ్యాగ్నెట్ ధర కంప్యూటర్ ధర ముందు ఏమీ కాదు. రెండు మ్యాగ్నెట్లూ ఒకేసారి మార్చండి. వాటితో పాటు మ్యాగ్నెట్‌కీ వైరింగ్‌కీ మధ్య తగిలించే చిన్న అడాప్టర్ వైరు ఉంటుంది, కౌంటర్‌లో అడిగి తీసుకోండి. మళ్లీ ఎప్పుడైనా ఆయిల్ వచ్చినా ఆ చిన్న ముక్కలో ఆగుతుంది, అసలు వైరింగ్ జోలికి రాదు. ప్లగ్గులన్నీ విప్పి, ఆయిల్ జాడ ఉంటే ఎలక్ట్రికల్ క్లీనర్‌తో కడగమనండి. పనిలో పనిగా టైమింగ్ చెయిన్ (ఇంజిన్‌లో పిస్టన్లనూ వాల్వులనూ ఒకే లయలో నడిపే గొలుసు) సాగిందేమో చూపించండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు గలగల శబ్దం వస్తుంటే ఆ తనిఖీ తప్పనిసరి. ఈ ఇంజిన్‌లో చెయిన్‌ను నిర్లక్ష్యం చేస్తే ఇంజినే పోతుంది. బండి ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ పక్కన వైరింగ్ దూరే ప్లగ్ కూడా చూడమనండి, అక్కడా నూనె ఇలాగే వైరులోకి ఎక్కుతుంది. ఆ ప్లగ్ చవకే.

ఏది డీలర్ దగ్గర, ఏది బయట? నా లెక్క ఇది. తాళం, ఇగ్నిషన్ స్విచ్, స్టీరింగ్ లాక్ లాంటివి మీ ఛాసీకి కోడ్ చేయాలి, అవి డీలర్ దగ్గరే. దొంగతనంతో ముడిపడ్డవి కాబట్టి ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడుగుతారు, విసుక్కోకండి. రబ్బర్లు, అద్దాలు, లోపలి ప్లాస్టిక్, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడని బోల్టులు కూడా అక్కడే. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, బెల్టులు, ఇంజిన్ మౌంట్లు బయట మంచి కంపెనీవి కొనండి. మాన్, బాష్, లెమ్‌ఫోర్డర్, సాక్స్ లాంటి కంపెనీలే కార్ల ఫ్యాక్టరీలకు సరఫరా చేస్తాయి, అవే తమ డబ్బాలో పెట్టి తక్కువకి అమ్ముతాయి. లెమ్‌ఫోర్డర్ ఆర్మ్ మీద మెర్సిడెస్ నక్షత్రం ఉండాల్సిన చోట అరగదీసినట్టు కనిపిస్తే డూప్లికేట్ అని కంగారు పడకండి. కారు కంపెనీ గుర్తుతో బయట అమ్మకూడదు కాబట్టి దాన్ని తీసేస్తారు.

తిరుపతి నుంచి చూస్తే మీకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటులోనే ఉన్నాయి. కొత్త సామాను కోసం చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్, బెంగళూరులో జేసీ రోడ్. పాత బండ్ల నుంచి విప్పిన సామాను కోసం చెన్నై పుదుపేట. పుదుపేటలో ప్లాస్టిక్ మూతలు, దీపాల గ్లాసులు, బాడీ ముక్కలు తీసుకోవచ్చు. బ్రేకులు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు ఎంత కొత్తగా కనిపించినా వద్దు. మీ ప్రాణంతో పందెం అది. కోడ్ చేసిన ఎలక్ట్రానిక్స్ అక్కడ కొన్నా పనిచేయవు. ఏం కొన్నా బిల్లు అడగండి, విప్పిన బండి ఎవరిదో మనకు తెలీదు కదా.

విదేశం నుంచి నేరుగా తెప్పించడం తయారు ఆగిపోయిన సామానుకే ఉంచుకోండి. అక్కడి ధర చూసి సంబరపడతాం. కొరియర్ చార్జీ, కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్‌టీ (దిగుమతిపై వేసే జీఎస్‌టీ), క్లియరెన్స్ ఫీజు కలిస్తే చాలాసార్లు డీలర్ ధరే నయం అనిపిస్తుంది. పైగా అది సరిపోకపోతే వెనక్కి పంపడం కలే.

ఇక కౌంటర్‌లో మనిషి గురించి. ఒకసారి స్వయంగా వెళ్లండి. ఒకే ఒక్క మనిషిని పరిచయం చేసుకోండి, ప్రతిసారీ అతనితోనే మాట్లాడండి. ఫోన్ కాకుండా వాట్సాప్‌లో ఛాసీ నంబర్, పార్ట్ నంబర్, పాత పార్ట్ ఫొటో పంపండి. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే అతనికి తీరిక ఉంటుంది. మార్చి చివర్లో స్టాక్ లెక్కలు తీస్తుంటారు, ఆ వారం వదిలేయండి. అయిదు పార్ట్‌లు కావాలంటే అయిదుసార్లు అడక్కుండా ఒకే జాబితా పంపండి. రేటు కనుక్కుని బయట కొనుక్కునే అలవాటు ఉంటే అది అతనికి త్వరగా తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ మెసేజ్‌కి జవాబు రాదు. రేటు అడిగినవాటిలో కొన్నైనా అతని దగ్గరే కొనండి. మీలాంటి పాత బండి యజమాని శ్రద్ధగా నంబర్లతో వస్తే ఆ కౌంటర్‌లో నిజంగా సంతోషిస్తారు. తయారు ఆగిపోయిందన్న పార్ట్ ఏ ఊరి డీలర్ షెల్ఫ్ మీద మిగిలి ఉందో వెతికి పెట్టేది ఇలాంటి పరిచయమే.

వీలైతే పార్ట్‌ను చేత్తో తీసుకోండి, ప్యాకెట్ అక్కడే తెరిచి పాతదాని పక్కన పెట్టి చూడండి. కుదరకపోతే చెన్నై నుంచి తిరుపతికి ఆర్టీసీ కార్గోలో వేయించుకోవచ్చు. ఎలక్ట్రికల్ పార్ట్ అయితే బండికి తగిలించాక ఎవరూ వాపసు తీసుకోరు, కాబట్టి తగిలించే ముందే నంబర్ మళ్లీ చూడండి.

మర్యాదతో పని కాని చోట మీకు హక్కులు కూడా ఉన్నాయి. స్పేర్లను బయటి మార్కెట్‌కు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది, స్పేర్లు, రిపేర్ పరికరాలు బయటి మెకానిక్‌లకు కూడా దొరికేలా చేయమంది. ఆ తర్వాత అది కోర్టుల్లో నడిచింది. కానీ ‘బండి మా వర్క్‌షాప్‌కి తెస్తేనే పార్ట్ ఇస్తాం’ అని ఎవరైనా అంటే అదే ఆఖరి మాట అనుకోవక్కర్లేదు. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది, కార్లు అందులో ఉన్నాయి. ఫిర్యాదు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మీ రబ్బరు కోసం ముందే 1915 దాకా పోకండి. ముందు స్పేర్స్ మేనేజర్‌కి ఈమెయిల్ రాయండి. ఛాసీ నంబర్, బిల్లు నంబర్, ప్యాకెట్ లేబుల్ ఫొటో, పాత రబ్బరు పక్కన కొత్తది పెట్టి తీసిన ఫొటో జత చేయండి. ‘ఛాసీ నంబర్ ఇచ్చాను, పార్ట్‌ను మీరు ఎంచారు, సరిపోలేదు, మార్చి ఇవ్వండి’ అని రెండే వాక్యాలు. కోపం వద్దు, వేరే ఫిర్యాదులు కలపొద్దు. వారం రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌ను కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపండి, అప్పటికీ కదలకపోతే హెల్ప్‌లైన్. ఛాసీ నంబర్ మీరు ఇవ్వకపోయి ఉంటే మాత్రం ఆ డబ్బు వదిలేసుకుని, ఆ రబ్బరును ఎస్‌ఎల్‌కే యజమానుల్లో ఎవరికైనా పనికొస్తుందేమో అడిగి చూడండి.

ఇంట్లో వాళ్లకి ఒక లెక్క చెప్పండి. రోజూ వాడే బండి వేరే ఉంది కదా? ఉంటే ఎస్‌ఎల్‌కే కోసం ఏడాదికి ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టండి. అందులోంచి ముందు కామ్ మ్యాగ్నెట్లు, అడాప్టర్ వైరు, చెయిన్ తనిఖీ. టాప్, నీళ్ల సంగతి పైన చెప్పిన ఖర్చు లేని పరీక్షలు అయ్యాకే. ఇదొక్కటే బండి, రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకి ఇందులోనే పోవాలి అంటే మాత్రం ఇంట్లో వాళ్ల మాటే వినండి. జర్మనీ నుంచి వచ్చే పార్ట్ కోసం వారాలు ఆగగలిగే వీలున్నవాళ్లకే ఈ బండి సుఖాన్నిస్తుంది. అప్పుడైనా మ్యాగ్నెట్లు మార్పించి, లైట్ ఆరిపోయాకే అమ్మకానికి పెట్టండి. డేటా కార్డు, బిల్లులన్నీ ఫైల్ చేసి బండితో పాటు ఇవ్వండి, కొనేవాడు దానికి విలువ కడతాడు.